జమ పద్దు ఉంది, ఖర్చు పద్దు ఏది?

ఈ కొన్నేళ్ళుగా ఏప్రిల్ నెల రాగానే ఒక అంకె మన పత్రికలలో పతాకశీర్షిక అవుతున్నది. అది దేశపు ఆయుధ ఎగుమతుల అంకె. 2013-14లో 686 కోట్ల రూపాయలు ఉన్నది 2023-24 నాటికి 21,083 కోట్లయింది. 2024-25లో 23,622 కోట్లకు చేరింది. ఆ ఒక్క సంవత్సరంలో 1,762 ఎగుమతి అనుమతులు ఇచ్చామనీ, సుమారు 80 దేశాలకు మన రక్షణ సామగ్రి వెళ్ళిందనీ, 2029 నాటికి 50,000 కోట్లు లక్ష్యమనీ ప్రభుత్వం చెప్పింది. చదివిన వారందరూ సంతోషించారు. టీవీలలో చర్చలు జరిగాయి. ఆ చర్చలలో పాల్గొన్న పెద్దమనుషులలో ఒక్కరైనా "ఆ సామగ్రి అక్కడ ఏం చేస్తుంది?" అని అడగగా నేను వినలేదు.

ఆ సంతోషాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. దశాబ్దాల పాటు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఆయుధాలు కొనే దేశాలలో ఒకటిగా ఉండి, విడిభాగం ఒకటి కావలసివస్తే పరాయి రాజధానుల గుమ్మం ముందు నిలబడిన దేశం, తానే చేసి తానే అమ్మే స్థితికి రావడం చిన్న విషయం కాదు. నా అభ్యంతరం ఆ అంకె మీద కాదు. దాని పక్కన ఉండవలసిన రెండవ గడి ఖాళీగా ఉండటం మీద. వీధి చివరి కిరాణా కొట్టు చిట్టాలో సైతం జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు ఉంటాయి. ఈ 23,622 కోట్ల చిట్టాలో జమ మాత్రమే ఉంది. ఈ ఆయుధాలు ఎవరి చేతికి చేరతాయి, ఎవరి మీద ప్రయోగింపబడతాయి, ఎంతకాలం బ్రతుకుతాయి, ఏ రూపంలో తిరిగి మన గుమ్మానికి వస్తాయి అన్న అంచనా ఏదీ పౌరుని కంటికి కనబడదు. అటువంటి అంచనా వ్రాతపూర్వకంగా తయారై పార్లమెంటు ముందుకు రానంతవరకు మారణాయుధం ఒక్కటైనా ఈ దేశపు రేవు దాటరాదన్నదే నా వాదం.

దీనిని ఆదర్శవాదుల పగటికల అనుకునేవారు ముందుగా మన చరిత్రనే ఒకసారి తిరగవేయాలి. ఎందుకంటే లెక్క కట్టకుండా అమ్మిన ఆయుధం ఏం చేస్తుందో దెబ్బ తిని తెలుసుకున్న దేశాలలో మనది మొదటి వరుసలోనిది.

1954లో అమెరికా పాకిస్తానుకు సైనిక సహాయం చేయ నిశ్చయించింది. ఆ ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు స్వయంగా లేఖ వ్రాశాడు. ఆ సహాయాన్ని ఎవరైనా దురాక్రమణకు వినియోగిస్తే అడ్డుకోవడానికి తగిన చర్య తీసుకుంటానని అందులో హామీ ఇచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత, 1965 సెప్టెంబరులో, పంజాబులోని ఖేమ్‌కరణ్ పొలాలలోకి దొర్లుకుంటూ వచ్చినవి ఆ హామీతో పాటు వచ్చిన ప్యాటన్ ట్యాంకులే. అసల్ ఉత్తర్ దగ్గర హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద ఫిరంగి పెట్టుకుని వాటిని ఎదిరించి ప్రాణం ఇచ్చాడు. పరమవీర చక్ర ఆయన మరణానంతరం వచ్చింది. పట్టుబడిన ట్యాంకులను వరుసగా నిలబెట్టిన చోటుకు ప్యాటన్ నగర్ అని పేరు పడింది. ఐసెన్‌హోవర్ హామీ ఆ పొలంలోకి రాలేదు. అమెరికా తర్వాత చేసిన పని ఆయుధ సరఫరాను ఆపడం. అదీ పాకిస్తానుకు ఒక్కదానికే కాదు, ఇండియాకు కూడా.

1971లో కథ మళ్ళీ జరిగింది. తూర్పు పాకిస్తానులో సైన్యం తన పౌరులనే చంపుతున్నప్పుడు దాని చేతిలో ఉన్న వాటిలో అమెరికా ఆయుధాలు ఉన్నాయి. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు తమ ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ ఆ ఏప్రిల్ 6న వాషింగ్టనుకు తంతి పంపారు. అది అక్కడ ఎవరినీ కదిలించలేదు. కదిలింది ఆయనే. ఆయనను అక్కడి నుండి బదిలీ చేశారు. సుమారు కోటి మంది శరణార్థులు మన సరిహద్దు దాటి వచ్చారు. ఆ సైన్యాన్ని ఆయుధాలతో నింపినప్పుడు వాషింగ్టనులో వేసిన లెక్కలో ఆ కోటి మంది లేరు. సోవియట్ యూనియన్‌కు అడ్డుగోడ కట్టడం ఒక్కటే ఆ లెక్కలోని అంశం. కొనుగోలుదారుకు తనదైన శత్రువు ఒకడుంటాడనీ, తనదైన పౌరులుంటారనీ అందులో గడి పెట్టలేదు.

పరాయివారి తప్పును మాత్రమే తవ్వి ఊరుకుంటే అది న్యాయం కాదు. 1980లలో శ్రీలంక తమిళ సాయుధ ముఠాలకు మన గూఢచారి సంస్థ శిక్షణ ఇచ్చింది, ఆయుధాలు ఇచ్చింది. అది వాణిజ్య ఎగుమతి కాదు, నిజమే. కానీ ఆయుధం సరిహద్దు దాటడమంటే దాటడమే. 1987లో మన శాంతి సేన అదే ద్వీపంలో దిగింది. 1990లో తిరిగివచ్చేసరికి సుమారు 1,200 మంది భారత సైనికులు నేలకొరిగారు. ఒకప్పుడు మనం తీర్చిదిద్దిన చేతులే వారిని చంపాయి. మరుసటి సంవత్సరం మే 21న శ్రీపెరంబుదూరులో ఒక మాజీ ప్రధానిని అవే చేతులు చంపాయి. ఆ నిర్ణయం తీసుకున్న నాడు "పదేళ్ళకు ఇది ఎటు తిరుగుతుంది?" అన్న ప్రశ్నకు ఎవరైనా జవాబు వ్రాసి సంతకం పెట్టారా? పెట్టి ఉంటే ఆ కాగితం మనకెందుకు కనబడదు?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. భవిష్యత్తును ఎవరు చూసి వచ్చారు, పదేళ్ళ తర్వాత ఏ దేశంలో ఏ ప్రభుత్వం ఉంటుందో ఎవరు చెప్పగలరు అని. గోదావరి మీద పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా రూపొందించారు. అంత వరద ఏ సంవత్సరం, ఏ తేదీన వస్తుందో ఏ ఇంజనీరూ చెప్పలేడు. చెప్పలేనని గేట్లు లేని ఆనకట్ట కడతానంటే ఆయనను మనం ఊళ్ళో ఉండనివ్వం. గడచిన వరదల కొలతలు చూసి, వర్షపాతం చూసి, జరగగల దానిలో అతి చెడ్డది ఏమిటో గణించి, దానికి తగినట్లు గోడ కట్టడమే నమూనా వేయడమంటే. జోస్యానికీ దీనికీ సంబంధం లేదు. నీటికి ఇంత లెక్క కట్టే దేశం నిప్పుకు కట్టలేనంటే నమ్మడం ఎట్లా?

ఆయుధ ఎగుమతికి అటువంటి నమూనాలో ఏమేమి ఉండాలో కనిపెట్టడానికి మహామేధావులు అక్కరలేదు. గత అర్ధశతాబ్ది అనుభవమే ఆ గడులను గీసి పెట్టింది.

మొదటి గడి కొనుగోలుదారు నడవడి. ఆ ప్రభుత్వం గత పదేళ్ళలో తన ఆయుధాలను ఎవరి మీద వాడింది? పరాయి సైన్యం మీదా, తన పౌరుల మీదా?

రెండవ గడి ఆయుధపు ఆయుర్దాయం. ప్రభుత్వాలు అయిదేళ్ళవి, ఆయుధాలు నలభై ఏళ్ళవి. ఇరాన్ షా అమెరికా నుండి కొన్న ఎఫ్-14 యుద్ధవిమానాలు 79 ఇరానుకు చేరాయి. 1979 ఫిబ్రవరిలో షా ప్రభుత్వం కూలింది. విమానాలు మాత్రం కొత్త పాలకుల దగ్గరే ఉండిపోయాయి, దశాబ్దాల పాటు ఎగిరాయి. ఈ పాఠానికి అమెరికా దాకా పోనక్కరలేదు. 2020లో మనం సింధువీర్ జలాంతర్గామిని మయన్మార్ నౌకాదళానికి అప్పగించాం. అప్పుడు అక్కడ ఎన్నికైన ప్రభుత్వం ఉన్నది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం దానిని కూలదోసింది. జలాంతర్గామి కొత్త యజమానిని అడగకుండానే ఆ యజమాని సొత్తయింది.

మూడవ గడి దారి మళ్ళడం. "తుది వినియోగదారు ధ్రువపత్రం" అనే కాగితం మీద మన అధికారులకు అపారమైన నమ్మకం ఉన్నట్లు కనబడుతుంది. బోఫోర్స్ పేరు చెబితే మనకు ముడుపులే గుర్తు వస్తాయి. ఆ కంపెనీకి స్వదేశంలో మరొక నేరచరిత్ర ఉన్నది. తమ దేశపు చట్టం ఒప్పుకోని దుబాయి, బహ్రెయిన్‌లకు ఆర్‌బీఎస్-70 క్షిపణులను సింగపూరు పేరు మీద పంపింది. కాగితాలన్నీ సింగపూరువే, సక్రమంగానే ఉన్నాయి. ఆ వ్యవహారం విచారణలో ఉండగా, స్వీడన్ యుద్ధసామగ్రి తనిఖీ అధికారి ఆల్గెర్నాన్ 1987 జనవరిలో స్టాక్‌హోం భూగర్భ రైలు కింద పడి మరణించాడు. 1989లో కంపెనీ పెద్దలు కొందరికి శిక్ష పడింది. ప్రపంచంలో అతి శుభ్రమైన దేశాలలో ఒకటని పేరున్న స్వీడన్‌లో జరిగిన ముచ్చట ఇది.

నాలుగవ గడి పక్కవాడి ప్రతిక్రియ. ఒకరికి అమ్మిన ఆయుధం రెండవవారికి ఉత్తరం వంటిది. మనం ఆర్మేనియాకు అమ్మితే అజర్‌బైజాన్ చదువుకుంటుంది. 2023 జులైలో ఆ దేశపు అధ్యక్షుని సలహాదారు మన రాయబారికి తమ అభ్యంతరాన్ని నేరుగానే చెప్పాడు. అభ్యంతరం చెప్పినంత మాత్రాన అమ్మరాదని నేను అనడం లేదు. ఇరుగుపొరుగు దాడిని ఎదుర్కొంటున్న చిన్న దేశానికి గగనరక్షణ క్షిపణి అమ్మడం సమర్థనీయమే కావచ్చు. ఆ సమర్థన వ్రాసి పెట్టండి, దానికయ్యే మూల్యం ఎంతో పక్కన వ్రాయండి అని మాత్రమే అంటున్నాను.

అయిదవ గడి వెనక్కి తీసుకునే దారి. అన్యాయం జరుగుతున్నదని తెలిసిన నాడు విడిభాగాలు ఆపగలమా, మరమ్మతులు ఆపగలమా, ఒప్పందంలో ఆ మాట ఉన్నదా?

ఇప్పుడు ఈ అయిదు గడులను చేతబట్టుకుని మన ఇటీవలి చరిత్రను చూద్దాం.

మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగిన తర్వాత, 2022 డిసెంబరు వరకు, ఆ సైన్యానికి బయటి నుండి కనీసం 100 కోట్ల డాలర్ల విలువైన ఆయుధాలు, వాటి ముడిసరుకులు చేరాయని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో నివేదిక ఇచ్చారు. అందులో భారతదేశం నుండి వెళ్ళినది 5.1 కోట్ల డాలర్లది. రష్యా, చైనా, సింగపూరు మన కంటే ఎన్నో రెట్లు పంపాయన్నది నిజమే. మన వాటా చిన్నదని ఊరట చెందవచ్చునా? అదే కాలంలో ఆ సైన్యం దాడులకు తాళలేక చిన్ రాష్ట్రం నుండి 30 వేలకు పైగా జనం మిజోరంలోకి వచ్చారు. బంధుత్వం ఉన్న మిజోలు వారికి ఇళ్ళు ఇచ్చారు, అన్నం పెట్టారు. ఒక చేత్తో ఆ సైన్యానికి సామగ్రి అమ్మి, రెండవ చేత్తో ఆ సైన్యం తరిమిన వారికి గంజి పోయడం ఏ అర్థశాస్త్రం? 5.1 కోట్ల డాలర్లు ఎగుమతుల పద్దులో జమ పడ్డాయి. మిజోరం పెట్టిన అన్నం ఏ పద్దులోనూ పడలేదు.

రెండవది ఉక్రెయిన్. మన కంపెనీలు ఐరోపా దేశాలకు అమ్మిన ఫిరంగి గుళ్ళు అక్కడి నుండి ఉక్రెయిన్‌కు మళ్ళాయని 2024 సెప్టెంబరులో రాయిటర్స్ వార్త వచ్చింది. అది ఊహాజనితమనీ, తప్పుదారి పట్టించేదనీ మన విదేశాంగ శాఖ ఖండించింది. ఎవరి మాట నిజమో తేల్చడం నా పని కాదు. తేల్చడానికి సామాన్యుని చేతిలో ఒక్క కాగితమూ లేదన్నదే నా ఫిర్యాదు. ఏ గుండు ఎవరికి అమ్మారో, ఏ షరతుతో అమ్మారో, ఆ షరతు నిలిచిందో లేదో ఎవరు చూశారో ప్రకటించి ఉంటే ఖండన ఒక్క వాక్యంతో తేలిపోయేది. లెక్క చూపనివాడి ఖండనకు విలువ తక్కువ.

మూడవది మన ఇంటిది. 2018 డిసెంబరులో హైదరాబాదులో అదానీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థలు కలిసి హెర్మిస్-900 డ్రోన్ల కర్మాగారాన్ని తెరిచాయి. ఇజ్రాయెల్ బయట ఆ డ్రోన్ తయారయ్యే మొదటి చోటు అదేనని మనం గర్వంగా చెప్పుకున్నాం. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైంది. ఆ కర్మాగారం నుండి 20కి పైగా డ్రోన్లు ఇజ్రాయెల్‌కు చేరాయని 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. అప్పటికే, జనవరి 26న, అంతర్జాతీయ న్యాయస్థానం గాజా విషయంలో జాతిసంహార ఒడంబడిక కింద ఇజ్రాయెల్‌కు తాత్కాలిక ఆదేశాలు ఇచ్చి ఉన్నది. హమాస్ అక్టోబరు 7న చేసిన హత్యాకాండను ఖండించేవారిలో నేనూ ఒకణ్ణి. ఆ ఖండన ఈ ప్రశ్నను తుడిచివేయదు: ఆ డ్రోన్ల అనుమతి ఫైలు మీద, గాజా అన్న మాట ఎక్కడైనా ఉన్నదా? ఉంటే ఏమని ఉన్నది?

ఇంతకంటే జటిలమైన సంగతి విడిభాగాలది. మన ఎగుమతులలో పెద్ద భాగం పూర్తి ఆయుధాలు కావు, పరదేశపు కంపెనీలకు చేసి ఇచ్చే భాగాలు. హైదరాబాదు శివారు ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థల ఉమ్మడి కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల కాయం తయారవుతుంది. అది అమెరికాకు వెళ్ళి, అక్కడ హెలికాప్టరై, అమెరికా ఎవరికి అమ్మదలిస్తే వారికి వెళుతుంది. మన పద్దులో "గమ్యం: అమెరికా" అని ఉంటుంది. అసలు గమ్యం మీద మనకు మాట లేదు, ఎరుక లేదు. జమలో మాత్రం వాటా ఉన్నది.

చట్టం ఏమంటున్నది? స్కోమెట్ జాబితాలో చేరిన యుద్ధసామగ్రికి రక్షణ ఉత్పత్తుల శాఖ అనుమతి కావాలి. వినియోగదారు నమ్మదగినవాడా, సామగ్రి ఉగ్రవాదుల చేతిలో పడుతుందా, దేశభద్రతకు, విదేశాంగ విధానానికి విరుద్ధమా అని చూస్తారు. మంచిదే. ఉగ్రవాదం చేత గాయపడ్డ దేశం ఆ ప్రశ్న అడగడం సహజం. యూనిఫాం వేసుకున్న సైన్యం పౌరులను చంపగల అవకాశం ఎంత అన్న ప్రశ్న మాత్రం ఆ వరుసలో విడిగా కనబడదు. ఆశ్చర్యమేమంటే 2017 డిసెంబరులో మనం కోరి చేరిన వాసెనార్ కూటమి తన సభ్యులకు ఇచ్చిన మార్గదర్శక ప్రశ్నలలో అది ఉన్నది. సభ్యత్వం గౌరవం కోసం తీసుకున్నాం, ప్రశ్నను గుమ్మం బయటే వదిలి వచ్చాం.

2013 ఏప్రిల్ 2న ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో ఆయుధ వ్యాపార ఒడంబడిక ఓటుకు వచ్చింది. 154 దేశాలు ఔనన్నాయి, మూడు కాదన్నాయి, 23 తటస్థంగా ఉన్నాయి. ఆ 23లో మనం ఒకరం. అమ్మే దేశాలు ఈ ఒడంబడికను సాకుగా చూపి కొనే దేశాలకు సరఫరాను ఏకపక్షంగా ఆపవచ్చునని మన భయం. 1965 జ్ఞాపకం ఉన్నవారు ఆ భయాన్ని తప్పు పట్టలేరు. కానీ ఆనాడు మాట్లాడింది కొనేవాడి నోరు. నేడు మనం అమ్మేవాళ్ళం. వేషం మారినా పాత సంభాషణే అప్పగించడం నాటకాలలో కూడా చెల్లదు. ఆ ఒడంబడిక ఏడవ అధికరణం అడిగేది ఒక్కటే: ఎగుమతికి ముందు దాని పర్యవసానాన్ని అంచనా వేయమని. చైనా 2020లో అందులో చేరింది. చేరినంత మాత్రాన చైనా పుణ్యాత్మురాలు కాలేదు, కనుక సంతకమే సర్వస్వమని నేను అనను. సంతకం లేకున్నా ఆ అంచనాను మన చట్టంలో వ్రాసుకోవడానికి అడ్డం వచ్చేవారెవరు?

ఇక సాధారణంగా వచ్చే మూడు జవాబులు.

"మనం అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడు." నల్లమందు అమ్మేవాడు కూడా ఈ మాటే అంటాడు. దీనిలో కొంత నిజం లేకపోలేదు. మనం తప్పుకుంటే కొన్నిచోట్ల మరొకరు వస్తారు. అయితే అది కూడా నమూనాలో కొలవదగిన అంశమే. ఎక్కడ మన సరుకుకు ప్రత్యామ్నాయం సులభం, ఎక్కడ కాదు అని లెక్క వేయవచ్చు. లెక్క వేయకుండా దానిని మంత్రంలా జపించడం వాదం కాదు.

"ఉద్యోగాలు, ఉత్పత్తి." ఎగుమతి ఉంటేనే ఉత్పత్తి పెరిగి మన సైన్యానికి ధర తగ్గుతుందంటారు. కంచన్‌బాగ్‌లో 1970 నుండి భారత్ డైనమిక్స్ ఉన్నది. ఆ కార్మికుల ఇళ్ళలో పొయ్యి వెలగడం నాకూ సంతోషమే. కానీ నేను అడిగేది తలుపు మూయమని కాదు. ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ అమ్మకం చూడండి. 2022 జనవరిలో దాదాపు 37.5 కోట్ల డాలర్ల ఒప్పందం, 2024 ఏప్రిల్‌లో మొదటి విడత. తన సముద్రాన్ని తాను కాచుకోవాలనుకునే దేశానికి తీరరక్షణ క్షిపణి. పైన చెప్పిన అయిదు గడులలో అది చాలావరకు నెగ్గుతుందనే నా అభిప్రాయం. నమూనా ఉంటే నెగ్గేది నెగ్గుతుంది, ఓడేది ఓడుతుంది. అన్నీ నెగ్గుతాయని ధీమా ఉన్నవారికి లెక్క అంటే భయమెందుకు?

"రహస్యం, దేశభద్రత." 2024 ఫిబ్రవరి 1న అమెరికా ప్రభుత్వం మనకు 31 ఎంక్యూ-9బి డ్రోన్లు అమ్మబోతున్నామని, విలువ 399 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని తమ కాంగ్రెసుకు తెలిపి, ఆ పత్రాన్ని బహిరంగంగా ప్రకటించింది. అందులో ఏ క్షిపణులు ఎన్ని అన్న వివరం కూడా ఉన్నది. అంటే మన సైన్యం కొనేది ఏమిటో మనకు వాషింగ్టను చెబుతుంది. మన కంపెనీలు అమ్మేది ఏమిటో మనకు ఢిల్లీ చెప్పదు. స్వీడన్‌లో పార్లమెంటు పక్షాల ప్రతినిధులతో ఎగుమతి నియంత్రణ మండలి ఉన్నది. కొనే దేశపు ప్రజాస్వామిక స్థితిని చూడాలన్న నియమాన్ని వారు 2018లో చేర్చుకున్నారు. బోఫోర్స్ నుండి వారు నేర్చుకున్నారు. మనమూ బోఫోర్స్ బాధితులమే, కానీ కొన్న కథ మాత్రమే గుర్తుంచుకున్నాం.

నా వాదంలో ఉన్న బలహీనతను నేనే చెప్పాలి. లెక్క కట్టించినంతనే లెక్క నిజాయితీగా ఉంటుందని లేదు. బ్రిటనులో నియమాలు ఉన్నాయి, అంచనాలు ఉన్నాయి, అధికారులు ఉన్నారు. అయినా యెమెన్ మీద బాంబులు వేస్తున్న సౌదీకి అనుమతులు ఇస్తూ వచ్చారు. 2019 జూన్‌లో అక్కడి అప్పీలు న్యాయస్థానం, గతంలో ఉల్లంఘనలు జరిగాయా లేదా అన్నది తేల్చకుండానే అనుమతులు ఇచ్చారని వాటిని చట్టవిరుద్ధమన్నది. 2020 జులైలో ప్రభుత్వం మళ్ళీ లెక్క వేసి, అవి విడివిడి సంఘటనలే తప్ప ఒక తీరు కాదని తేల్చుకుని, అమ్మకం మొదలుపెట్టింది. జవాబు ముందే నిశ్చయించుకున్నవాడి చేతిలో నమూనా కూడా వశీకరణకు లొంగుతుంది. నిజమే. కానీ గమనించండి: అక్కడ లెక్క కాగితం మీద ఉండబట్టే దానిని న్యాయస్థానంలో నిలదీయగలిగారు, ఏడాది పాటు కొత్త అనుమతులు ఆపించగలిగారు. తప్పు లెక్కను దిద్దవచ్చు. లేని లెక్కను ఏం దిద్దుతాం?

మన దేశంలోనూ కొందరు న్యాయస్థానం తలుపు తట్టారు. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపాలన్న వ్యాజ్యాన్ని 2024 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. విదేశాంగ వ్యవహారాలు ప్రభుత్వ పరిధిలోనివని, తాము జోక్యం చేసుకోలేమని చెప్పింది. ఆ తీర్పు నచ్చినా నచ్చకపోయినా దాని నుండి ఒకటి స్పష్టమవుతున్నది. ప్రభుత్వాన్ని అడగవలసినది పార్లమెంటు. పార్లమెంటు అడగాలంటే దాని చేతిలో సమాచారం ఉండాలి. ఏడాదికి ఒక మొత్తం అంకె సమాచారం కాదు.

కనుక కోరేది ఇది. ప్రతి మారణాయుధ అనుమతికి పై అయిదు ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన జవాబు ఉండాలి, దాని కింద పేరు, సంతకం ఉండాలి. ఏ దేశానికి ఏ రకం ఆయుధం ఎంత విలువకు అమ్మామో ఏటా ప్రచురించాలి. నిరాకరించిన అనుమతులు ఎన్నో కూడా చెప్పాలి. అన్ని పక్షాల సభ్యులతో పార్లమెంటు సంఘం ఆ జవాబులను, అవసరమైతే రహస్యంగానైనా, చదవాలి. అమ్మిన తర్వాత అక్కడికి వెళ్ళి చూసే హక్కు ఒప్పందంలో ఉండాలి. అయిదేళ్ళకొకసారి పాత అంచనాలను జరిగిన వాస్తవంతో పోల్చి, ఎక్కడ తప్పామో ఒప్పుకోవాలి. దీనిలో అసాధ్యమైనది ఒక్కటీ లేదు. మన చెరువు పనుల మీద, మధ్యాహ్న భోజనం మీద సామాజిక తనిఖీ అడిగే దేశం ఇది.

2024 ఫిబ్రవరిలో మన రేవు కార్మికుల సమాఖ్య ఒకటి, ఇజ్రాయెల్‌కు వెళ్ళే ఆయుధ సరుకును తమ సభ్యులు ఓడలకు ఎక్కించరని, దించరని ప్రకటించింది. 11 ప్రధాన రేవులలో 3,500 మంది కార్మికులకు ప్రతినిధి ఆ సమాఖ్య. వారి రాజకీయం ఏదైనా కానివ్వండి. ఈ పెట్టె ఎక్కడికి, ఎవరి మీదికి అన్న ప్రశ్న అడిగింది మూటలు మోసేవారు. 1,762 అనుమతులు ఇచ్చినవారు అడిగారో లేదో మనకు తెలియనివ్వలేదు.

1965లో అసల్ ఉత్తర్ పొలంలో నిలబడి మనం అమెరికాను అడిగాం, "ఇవి అమ్మేటప్పుడు మా గురించి ఆలోచించారా?" అని. ఆ ప్రశ్నకు నేటికీ సరైన జవాబు రాలేదని మనకు కోపం ఉన్నది, ఉండాలి కూడా. రేపు చిన్ కొండలలోనో, గాజా శిథిలాలలోనో మరొకరు అదే ప్రశ్న మనని అడుగుతారు. అప్పుడు చూపించడానికి మన దగ్గర 23,622 కోట్లన్న అంకె తప్ప మరొక కాగితం ఉండాలి.